బ్యాటరీకి బోరునీరు వలదు

పంచాయతీ సభ్యులారా,

వాహనము మొరాయించగనే ఎల్.బి. నగర్ పోయి క్రొత్త బ్యాటరీ కొనుట మనకు అలవాటైనది. ఆ వ్యయము గ్రామనిధిదే గదా!

మన ప్రాంతమున బ్యాటరీకి మొదటి శత్రువు ఎండ. వేడికి లోని నీరు తగ్గి సీసపు పలకలు బయటపడును. అప్పుడు డ్రైవరు చేతికందిన బోరునీరు పోయును. నల్లగొండ దారి గ్రామముల బోరునీటి సంగతి మనమెరుగనిదా? అందలి లవణములు పలకలను చెరుపును. మూతలు గల బ్యాటరీలో పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరే పోయవలెను. తగ్గినది నీరే కావున ఆమ్లము కలుపరాదు. దగ్గర బీడీ ముట్టింపరాదు. వెలువడు హైడ్రోజను ప్రేలును.

వాహనమును వారములకొలది నిలిపియుంచుటయు హానియే. ఇంజను ఆపియున్నప్పుడు 12.6 వోల్టులుండవలసినది 12.4కు దిగినచో చార్జి చేయింపవలెను. లేనిచో పలకలపై సల్ఫేటు గట్టిపడును. ఎల్.బి. నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు రద్దీలో ఆగి ఆగి సాగినంత మాత్రమున అది నిండదు.

పాతదానిని చెత్తలో వేయరాదు. 2022 నాటి నిబంధనలననుసరించి పాత బ్యాటరీల సేకరణ, పునరుద్ధరణ లేదా రీసైక్లింగు జరుపు సంస్థకు అప్పగింపవలెను.