‘చాలు’ అను మాట

(తంజావూరు జిల్లాలోని మన సంఘపు సభలో భోజన ఉపసంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది విందునకు పద్దు వేయుటకై కూడిన ఈ సభలో మమ్ము నాలుగు మాటలు చెప్పుమనిరి. పద్దు సంగతి కార్యదర్శిగారు చెప్పుదురు. మేము ఎత్తివేసిన విస్తళ్ళ సంగతి చెప్పెదము. పండుగ తలపెట్టిన చోట ఈ ప్రసక్తి యేల యని కొందఱికి తోచవచ్చును, మన్నింపవలెను.

గత ఉగాదినాడు మూడవ పంక్తి లేచిన పిమ్మట మేము ఆకులెత్తించు పనిలో నుంటిమి. ఆ పనికి వచ్చిన ముసలమ్మ ఒక విస్తరి ముందు ఆగి, “ఈ బొబ్బట్టు ఎవరును ముట్టనైన లేదే, సామీ” అనెను. చూచితిమి. బొబ్బట్టే కాదు, పులిహోర, పప్పు, నేయి పోసిన అన్నము వడ్డించినవి వడ్డించినట్లే యున్నవి. అది యొక బాలుని విస్తరి. విచారింపగా తేలిన దేమనగా, వడ్డించువారు “మారు కావలెనా?” యని యడిగిరి. పిల్లవానికి ఆ మాట తెలియలేదు. తమిళమున మారు అనగా మార్పు గదా! తెల్లబోయి తల యూపెను, గరిటె దిగెను. “చాలు” అనుటకు వానికి మాట రాలేదు. “పోదుం” అన్నచో, తెలుగువారి పంక్తిలో తమిళము పలికినాడని తాతగారు కోపింతురేమో యని జంకెనట. మేము మొదట నవ్వితిమి. తరువాత నవ్వు రాలేదు.

అయినను నెపమంతయు పిల్లలపై వేయుట న్యాయము కాదు. పెద్దల విస్తళ్ళును అంతకంటె మెఱుగుగా లేవు. మనము కూర్చుండకమునుపే ఆకు నిండ వడ్డించి యుంచుట వాడుక చేసికొంటిమి. ఎవరికేది హితమో, ఎవరికి మధుమేహమో, ఎవరు ఉపవాసమున నున్నారో యడుగువారు లేరు. తరతరములుగా పరభాషా ప్రాంతమున నున్న వారము గనుక, ఇరుగుపొరుగువారు మన విందు చూచి తక్కువగా తలతురేమో యను బెరుకు మనలో మఱికొంత హెచ్చు. మిగిలినదనుటయే గొప్ప యైనది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము వారు 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2022లో లోకమంతట ఇండ్లలోను, భోజనశాలలలోను, దుకాణములలోను పారవేసిన ఆహారము 105 కోట్ల టన్నులు. అందు నూటికి 60 పాళ్ళు ఇండ్లలోనిదే. మన దేశపు ఇండ్లలో తలకు ఏటికి 55 కిలోలని వారి అంచనా. ఒక కిలో వడ్లు పండుటకు వాననీరు, పారునీరు కలిపి సుమారు 2,500 లీటర్లు కావలెనందురు. జూన్ 12వ తేదీకి మేట్టూరు ఆనకట్ట తలుపులు తెఱతురో లేదో యని యేటేట ఎదురుచూచు సేద్యగాండ్రు ఈ సభలోనే యున్నారు. వారికి ఈ లెక్క మేము విప్పి చెప్పనక్కఱలేదు.

తిరువయ్యారు మనకు దూరము కాదు. త్యాగరాజస్వామి (1767–1847) అక్కడి వీథులలో కీర్తనలు పాడుచు ఉంఛవృత్తి చేసి జీవించినారు. ఉంఛమనగా కోత ముగిసిన పొలమున రాలిన గింజల నేఱుకొనుట. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనలో నేటికిని ఆ ఉంఛవృత్తి ఊరేగింపు జరుగుచున్నది. మనలో అనేకులము వెంట నడచి పిడికెడు బియ్యము సమర్పించుచున్నాము. మఱునాడే యేదో పెండ్లిలో గంపెడన్నము ఆకులతో మడిచి పాఱవేయుచున్నాము. ఈ రెండును ఒకే చేతులు చేయుచున్నవి.

కావున ఈ ఉగాదికి విందునకు ముందు హరికథ యొకటి పెట్టవలెనని మా కోరిక. విందు తరువాత పెట్టినచో ఎవరు మేల్కొని యుందురు? కథ సక్తుప్రస్థునిది, అశ్వమేధ పర్వములోనిది. అతడును ఉంఛవృత్తివాడే. కఱవు కాలమున దొరికిన పిండిని భార్య, కొడుకు, కోడలితో పంచుకొని తినబోవు వేళ అతిథి వచ్చెను. నలుగురును తమ తమ పాలు ఒకరి తరువాత నొకరు ఇచ్చివేసిరి. అక్కడ రాలిన పిండిలో పొరలిన ముంగిస మేను సగము బంగారమైనది. మిగిలిన సగమునకై అది ధర్మరాజు యజ్ఞశాలకు వచ్చి పొరలిన నేమియు కాలేదు. అంత గొప్ప సంతర్పణ జరిగిన చోట కాలేదు! ఈ ఘట్టము విన్నవారు వెంటనే పంక్తిలో కూర్చుందురు గాక.

యువకులకు వేఱొక పని గలదు. విజయరాఘవ నాయకుని ఆస్థానమున పురుషోత్తమ దీక్షితులు ‘తంజాపురాన్నదాన మహానాటకము’ వ్రాసి, అన్నదానమునే యక్షగానమునకు వస్తువుగా చేసినాడు. మెలట్టూరులో భాగవత మేళమువారు తెలుగు నాటకములను నేటికిని ఆడుచున్నారు. ఇట్టి నేలపై నున్న మన యువకులు, అడుగక వడ్డించు వాడును, వద్దనలేని వాడును పాత్రలుగా ఒక చిన్న ప్రహసనము కట్టలేరా?

వడ్డనకు మా యేర్పాటు ఇది. మొదట ఆకులో ఉప్పు, ఊరగాయ, ఉగాది పచ్చడి, సగము బొబ్బట్టు మాత్రమే యుండును. తక్కినవన్నియు అడిగి వేయుదుము. ఎన్ని మారులైన వేయుదుము. నిండు విస్తరి లేనిదే మర్యాద కాదని పెద్దలొకరు మాతో ననిరి. నాలుగు పర్యాయములు ముందుకు వచ్చి వంగి యడుగుట మర్యాద కాదా యని మేము వినయముతో మనవి చేసితిమి. వారింకను సమాధానపడలేదు. గిన్నెలో మిగిలినది వేడి తగ్గకమునుపే ఆకలిగొన్నవారికి చేర్పవచ్చును. మిగులు ఆహారపు సేకరణకును పంపకమునకును 2019లో ప్రభుత్వము నిబంధనలు చేసినది. ఆకులో మిగిలినది మనుష్యులెవ్వరికి నీయరాదు. అందుచేతనే గిన్నెలో మిగిలినను ఆకులో మిగులకూడదని మా పట్టుదల.

ఈ మారు మొదటి పంక్తికి పిల్లలే వడ్డింతురు. “కొంచెము వేయనా?”, “మారు కావలెనా?”, “చాలునా?” యని వారే యడుగుదురు. అడుగుట వచ్చినవానికి బదులు చెప్పుటయు వచ్చును. వచ్చు ఆదివారము ఉదయము 10 గంటలకు వారిని సంఘ భవనమునకు పంపవలెను. గరిటెలు మేము తెచ్చెదము. ఆ బాలుడు వచ్చుటకు ఇదివఱకే ఒప్పుకొన్నాడు.