ఇనుములో ఇమిడిన రాయి

(కేసముద్రమున పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



దున్నునపుడు నాగలికఱ్ఱుకు తగిలిన బరువైన నల్లని ముద్దను మీలో కొందఱు గట్టుపై పారవైచియుందురు. కొందఱు కమ్మరి కొలిమికి పంపియుందురు. అది పాత కొలుముల చిట్టెమో, బయ్యారపు ముడిఇనుప రాయో అయియుండును. ఈ సీమలో రెండింటికిని కొదువ లేదు. కాని ఎప్పుడో ఒకటి ఆకాశమునుండి పడిన ఉల్క కావచ్చును. కొలిమిలో కాల్చిన పిదప దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పుట ఎవరి తరమును కాదు.

ఇది కట్టుకథ కాదు. 1870 జనవరి 23న పార్వతీపురము చేరువన, శాస్త్రగ్రంథములలో నెడగొల్ల యని వ్రాయబడిన గ్రామమున, నాలుగు కిలోలకు మించిన ఇనుప ఉల్క పడినది. 1898లో పొరుగున తమిళదేశమున కొడైకెనాల్ కొండలలో దొరికినది ఇంకను వింతయైనది. కోసి చూడగా ఇనుము నడుమ రాతి బొట్లు ఇమిడియున్నవి.

ఇట్టి ఉల్కలలో ఏమేమి యుండును? ఇనుము మన ముడిరాతిలోవలె ఆక్సిజనుతో కలిసి యుండక, నికెలుతో కూడిన లోహముగనే యుండును. నికెలు తక్కువైనది కామసైటు, ఎక్కువైనది టీనైటు. నునుపు చేసి ఆమ్లము పూసినచో పెక్కింటిలో ఈ రెండును చాప అల్లికవలె బయటపడును. రాతి భాగమున పచ్చని ఆలివీను, పైరాక్సీను, మన గ్రానైటు బండలలో మెఱయు ఫెల్డ్‌స్పారు సాధారణముగ కనబడును. గంధకముతో కూడిన ఇనుమును, కొన్నింట పెన్సిలులోని గ్రాఫైటును ఉండును. కొడైకెనాల్ ఉల్కలో పొటాషు, సోడా హెచ్చుగా గల గాజు సైతము కలదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఉక్కు కర్మాగారములలో కరగిన ఇనుముపై చిట్టెము తేలును గదా! ఇనుము నీటికంటె దాదాపు ఎనిమిది రెట్లు బరువు. ఈ రాయి మూడు రెట్లకు కొంచెము పైన. మఱి రాయి పైకి తేలక ఇనుములో ఎట్లు చిక్కుకొనినది? ఆకాశమున రెండు గోళములు ఢీకొని, కరగిన లోహము పగిలిన రాతితో కలిసి, విడివడు వ్యవధి లేకుండ గడ్డకట్టినదని శాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలంపు. అటుపై శకలముల క్రింద కప్పబడి లక్షలాది ఏండ్లు మెల్లగా చల్లారుటచే ఆ చాప అల్లిక ఏర్పడినది. ఉల్కలలో అధికభాగము 450 కోట్ల ఏండ్ల నాటివి కాగా, కొడైకెనాల్ రాతి బొట్లకు సుమారు 380 కోట్ల ఏండ్లే యని 1967లో లెక్క తేలినది. నెడగొల్ల ఇనుము సూర్యునికి దగ్గఱను, దూరమునను పుట్టిన గోళములు ఢీకొన్నపుడు కలిసిన పదార్థమని 2022లో జర్మనీ పరిశోధకులు ప్రకటించిరి. నాలుగు కిలోల ముద్ద కొలిమి పాలు కాకుండుటచే గదా ఈ సంగతి తెలిసినది!

సూదంటురాయి అంటుకొన్నంత మాత్రమున ఉల్క యనరాదు. కొన్ని ముడిఇనుప రాళ్లును అంటుకొనును. చిట్టెములో బుడగల తూట్లుండును. ఇనుప ఉల్క గట్టిగా, బొటనవ్రేలితో నొక్కినట్టి గుంటలతో ఉండును. అట్టిది దొరకినచో పగులగొట్టరాదు, కాల్చరాదు. పూజించుటకు మాకు అభ్యంతరము లేదు. పసుపునీట కడుగుటకు మాత్రము కలదు, ఏలయన తడి తగిలిన త్రుప్పు పట్టును. పొడిగుడ్డలో చుట్టి, దొరకిన దినమును, పొలము సర్వే నంబరును కాగితముపై వ్రాసి, తహశీల్దారు ద్వారా హైదరాబాదులోని భారత భూగర్భ సర్వేక్షణ కార్యాలయమునకు తెలుపవలెను.