అమెరికాలో జాబ్ పోయిందా? అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేసే ముందు ఇది ఒక్కసారి వినండి

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. అమెరికాలో ఉన్న మనవాళ్లలో లేఆఫ్ అయిన వాళ్లు చాలామంది అడిగేది ఇదే: "అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బులు మనకి వస్తాయా? తీసుకుంటే గ్రీన్ కార్డ్‌కి ప్రాబ్లమ్ అవుతుందా?" ఈ రెండు ప్రశ్నలకీ ఈరోజు జవాబు చెప్పుకుందాం.

ముందు ఒక మాట. ఇది ఎవరో మనకి వేసే దానం కాదు. దీని పేరే అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్. 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా మొదలైంది. మీరు పని చేసినన్నాళ్లు మీ పేరు మీద కంపెనీ ట్యాక్స్ కట్టింది. కాబట్టి "అయ్యో, గవర్నమెంట్ దగ్గర చెయ్యి చాపడమా" అని సిగ్గుపడాల్సిన పనే లేదు. బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తాం కదా, ఇదీ అంతే.

సరే, ఎవరికి వస్తుంది? మూడు విషయాలు చూస్తారు. ఒకటి, ఈ మధ్య కాలంలో సరిపడా సంపాదించారా లేదా. చాలా స్టేట్స్‌లో చివరి 5 పూర్తయిన క్వార్టర్లలో మొదటి 4 క్వార్టర్ల జీతం లెక్కేస్తారు. రెండు, జాబ్ ఎందుకు పోయింది. లేఆఫ్ అయితే ఓకే. మీరే సరైన కారణం లేకుండా మానేసినా, తప్పుడు ప్రవర్తన మీద తీసేసినా కష్టం. మూడు, రేపు జాబ్ దొరికితే చట్టప్రకారం చేరగలరా, దానికోసం వెతుకుతున్నారా.

ఈ మూడోదాని దగ్గరే వీసా వస్తుంది. గ్రీన్ కార్డ్ ఉందా, సిటిజనా? ఏ ఇబ్బందీ లేదు. హెచ్-4 ఈఏడీ, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో వచ్చిన ఈఏడీ ఉన్నవాళ్లు ఏ కంపెనీలోనైనా చేరొచ్చు కాబట్టి, కార్డ్ వాలిడ్‌గా ఉంటే మామూలుగా అప్లై చేసుకోవచ్చు. హెచ్-1బి అయితే మాత్రం మీ పర్మిషన్ ఒక్క కంపెనీకే ముడిపడి ఉంటుంది. జాబ్ పోగానే "పనికి అందుబాటులో లేరు" అని చాలా స్టేట్స్ రిజెక్ట్ చేస్తాయి. ఓపీటీ స్టూడెంట్స్‌కి కూడా చాలాసార్లు రాదు. ఎఫ్-1 మీద ఉన్నప్పుడు వచ్చే జీతానికి చాలామంది విషయంలో ఆ ట్యాక్స్ వర్తించదు, అదొక కారణం.

హెచ్-1బి వాళ్లకి అసలు టెన్షన్ ఈ డబ్బులు కాదండీ, 60 రోజులు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 60 రోజులు, లేదా మీ ఐ-94 ముగిసే తేదీ, ఏది ముందొస్తే అది. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్పుకి ఫైల్ చెయ్యాలి, లేదా బయల్దేరాలి. మీ భార్యో భర్తో హెచ్-4 ఈఏడీ మీద పని చేస్తుంటే, వాళ్ల జాబ్ కూడా మీ స్టేటస్ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ముందు అటార్నీకి ఫోన్, ఆ తర్వాతే మిగతావన్నీ.

ఇక గ్రీన్ కార్డ్ భయం. పబ్లిక్ ఛార్జ్ అంటారు కదా, 2022 నాటి రూల్ ప్రకారం అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అందులోకి రాదు. అది మీరు పని చేసి సంపాదించుకున్న హక్కు.

ఇప్పుడు ఎంతొస్తుందో చూద్దాం. ఆశలు ఎక్కువ పెట్టుకోకండి. కాలిఫోర్నియాలో వారానికి గరిష్ఠం 450 డాలర్లు. మీ జీతం ఏడాదికి లక్షా ఇరవై వేలైనా అంతే. మామూలుగా గరిష్ఠం 26 వారాలు, అంటే మొత్తం 11,700 డాలర్లు. ఫ్లోరిడాలో వారానికి 275 దాటదు. బే ఏరియాలో రెంట్‌కి కూడా ఇది చాలదు, నిజమే. కానీ సరుకులకి, ఫోన్ బిల్లుకి, కార్ ఇన్సూరెన్స్‌కి పనికొస్తుంది.

అప్లై ఎలా? మీరు పని చేసిన స్టేట్‌లో ఫైల్ చెయ్యాలి. కాలిఫోర్నియాలో ఈడీడీ, టెక్సాస్‌లో టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్. ఫోన్‌లోనే అయిపోతుంది, ఫీజు ఒక్క డాలర్ కూడా లేదు. "నేను చేసిపెడతా, ఇంత ఇవ్వు" అని ఎవరైనా అడిగితే బ్లాక్ చేసేయండి. సోషల్ సెక్యూరిటీ నంబర్, ఈఏడీ లేదా గ్రీన్ కార్డ్, కంపెనీ అడ్రస్, చివరి పని రోజు, జీతం వివరాలు దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ నాలుగు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది, లేట్ చేయకండి. క్లెయిమ్ సాధారణంగా మీరు ఫైల్ చేసిన వారం నుంచే మొదలవుతుంది, పోయిన వారాలు తిరిగి రావడం కష్టం. "సెవరెన్స్ అయిపోయాక చూద్దాం" అనుకోవద్దు. కాలిఫోర్నియాలో సెవరెన్స్ వల్ల మామూలుగా బెనిఫిట్ తగ్గదు. టెక్సాస్‌లో ఆలస్యం కావచ్చు. ఏదైనా సరే, దాచకుండా రాయండి, లెక్క వాళ్లే చూసుకుంటారు.

రెండోది, హెచ్‌ఆర్ "రిజైన్ చేసినట్టు రాసివ్వు, రికార్డ్ నీట్‌గా ఉంటుంది" అంటే వెంటనే సంతకం పెట్టేయకండి. ఆ ఒక్క కాగితంతో మీ క్లెయిమ్ పోవచ్చు.

మూడోది, ఒకసారి అప్లై చేస్తే అయిపోదు. ప్రతి వారమో రెండు వారాలకోసారో సర్టిఫై చెయ్యాలి: పని వెతికారా, ఏమైనా సంపాదించారా అని అడుగుతారు. రెండు రోజులు ఫ్రీలాన్స్ చేసినా చెప్పాలి. "ఖాళీయే కదా, ఇండియా వెళ్లొద్దాం" అనుకునేవాళ్లూ, దేశం బయట ఉన్న వారాలకి సాధారణంగా డబ్బులు రావు. హైదరాబాద్‌లో కూర్చుని "అందుబాటులో ఉన్నాను" అని నొక్కితే అది అబద్ధం చెప్పినట్టే. కాలిఫోర్నియాలో ఇలా దొరికితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, పైన 30 శాతం జరిమానా.

నాలుగోది, రిజెక్ట్ అయితే వదిలేయకండి. అప్పీల్ చేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో 30 రోజులు, టెక్సాస్‌లో 14 రోజులే టైమ్. అప్పీల్ నడుస్తున్నప్పుడు కూడా సర్టిఫై చేయడం ఆపొద్దు. గెలిస్తే ఆ వారాలన్నిటికీ డబ్బులు రావాలంటే అది తప్పనిసరి.

ఇంకోటి, ఈ డబ్బులకి ఫెడరల్ ట్యాక్స్ ఉంది. 10 శాతం ముందే కట్ చేయమని అడగొచ్చు. జనవరిలో 1099-జి ఫారమ్ వస్తుంది, ట్యాక్స్ ఫైలింగ్‌లో దాన్ని మర్చిపోకండి.

స్టేట్‌ని బట్టి రూల్స్ మారతాయి, వీసా విషయంలో మీ అటార్నీ మాటే ఫైనల్. చివరిగా ఒక్క రిక్వెస్ట్. జాబ్ పోయిందని ఇంట్లో చెప్పకుండా, రోజూ లాప్‌టాప్ ముందు కూర్చుని పని చేస్తున్నట్టు ఉండేవాళ్లున్నారు. అలా చేయకండి. 60 రోజులు చాలా చిన్న టైమ్, దాన్ని ఒంటరిగా మోయాల్సిన అవసరం లేదు. ఈ వీడియో అలాంటి ఫ్రెండ్ ఎవరైనా ఉంటే పంపించండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.