ఉపగుత్త పనియు మన బాధ్యతయు



వెంబకోట్టై, సాత్తూరు, శివకాశి ప్రాంతములలో పొంగలికి ముందు ఇండ్లకు రంగులు వేయు పని మిక్కుటమగును. గుత్తకు తీసికొన్న మనము ఎత్తుపని వేరొక మేస్త్రీకి అప్పగింతుము. అతని కూలివాడు సారువపైనుండి పడినచో ఆ కుటుంబము ఎవరి గుమ్మము త్రొక్కవలెను? మేస్త్రీదే యని పలువురు తలంతురు. అట్లు కాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము తన 12వ సెక్షనులో అసలు గుత్తేదారునే బాధ్యునిగా జేసినది. చెల్లించిన పైకమును మేస్త్రీనుండి రాబట్టుకొనవచ్చుననియు పలికినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమమే కలదు. కాని కుంచె తప్ప ఆస్తి లేని మేస్త్రీనుండి రాబట్టున దేమి? కావున పని అప్పగింపకముందే అతని బీమా పత్రమును గడువు తేదీతో సహా చూడవలెను. అది లేనిచో అతని మనుష్యులను మన పాలసీలో చేర్చి, ప్రీమియమును గుత్త ధరలోనే లెక్కకట్టుట మేలు. ఇంటివారి సామానుపై రంగొలికిన నష్టమునకు ఆ పాలసీ పనికిరాదు; దానికి వేరు బీమా కావలెను.