సంతకం తేడా, సంతకం అందలేదు

(విద్యార్థి వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామర్సు చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేను కంప్యూటరు గురించి మాట్లాడటం మీకు వింతగా తోచవచ్చు. అందుకే నాకు తెలిసిన చెక్కుతోనే మొదలుపెడతాను.

బ్యాంకులో చెక్కు వాపసు చేసేటప్పుడు కారణం రాసిన మెమో జతచేస్తారు. 'సంతకం తేడాగా ఉంది' అనేది ఒక కారణం. 'ఖాతా నడపడానికి సంతకం అందలేదు' అనేది మరొకటి. మొదటిదానిలో సంతకం మీద అనుమానం ఉంది. రెండోదానిలో ఏ అనుమానమూ లేదు. పోల్చి చూడటానికి బ్యాంకు దగ్గర నమూనా లేదు, అంతే. చెక్కు తిరిగొచ్చిన మనిషికి మాత్రం రెండూ ఒకటే అవమానంగా కనిపిస్తాయి.

మా చెల్లెలి మనవరాలు బి.సి.ఎ. చివరి సంవత్సరంలో ఉండగా, మూడు నెలలు కష్టపడి చేసిన ప్రాజెక్టును 'గిట్' అనే సాఫ్ట్‌వేరులో భద్రపరిచింది. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గిట్ ప్రోగ్రాములకు చిట్టా పుస్తకం లాంటిది. ఏ రోజు ఎవరు ఏ వరుస మార్చారో అందులో పద్దు పడుతుంది. కావాలంటే పాత పద్దుకు వెనక్కి వెళ్ళవచ్చు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టారు. ఆ పద్దులన్నీ ప్రాజెక్టు లోపలే 'డాట్ గిట్' అనే ఫోల్డరులో ఉంటాయి.

ఇంట్లో ఉబుంటు కంప్యూటరులో చక్కగా నడిచిన ఆ పెన్‌డ్రైవును కాలేజీ ల్యాబులో విండోస్ కంప్యూటరుకు పెడితే, 'డిటెక్టెడ్ డ్యుబియస్ ఓనర్‌షిప్' అని వచ్చి పని ఆగిపోయింది. యాజమాన్యం అనుమానాస్పదంగా ఉందని దాని అర్థం. మర్నాడే ప్రాజెక్టు చూపించాలి. ఎవరో తన ఫైళ్ళు ముట్టుకున్నారని అమ్మాయి హడలిపోయింది. డాట్ గిట్ ఫోల్డరు చెరిపెయ్యమని ఒక స్నేహితురాలు చెప్పింది. అలా చేస్తే హెచ్చరికతో పాటు మూడు నెలల పద్దులూ పోతాయి. 'సేఫ్ డాట్ డైరెక్టరీ' అనే సెట్టింగులో నక్షత్రం గుర్తు పెట్టమని ఇంకొకరు చెప్పారు. అంటే ఇకమీదట ఏ ఫోల్డరునూ తనిఖీ చేయవద్దని గిట్‌కు చెప్పడం. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినట్టే.

సాయంత్రం ఫోనులో తీసిన ఫోటో చూపించి "తాతయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అంది. "ముందు మెసేజి చివరిదాకా చదవమ్మా" అన్నాను. రెండో వరుసలోనే అసలు సంగతి ఉంది. ఈ ఫోల్డరు ఉన్న ఫైల్ సిస్టమ్ యజమాని పేరు నమోదు చేయదని రాసి ఉంది. పెన్‌డ్రైవు వివరాలు తెరిచి చూస్తే ఎక్స్‌ఫ్యాట్ అని కనిపించింది.

విండోస్ డిస్కుల్లో సాధారణంగా ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ యజమాని ఎవరో రాసి ఉంటుంది. ఫ్యాట్ 32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఆ గడే లేదు. ఉబుంటు అటువంటి డ్రైవులోని ఫైళ్ళన్నిటికీ లాగిన్ అయిన మనిషినే యజమానిగా చూపిస్తుంది కనుక ఇంట్లో ఇబ్బంది రాలేదు. విండోస్‌లో గిట్ యజమాని ఎవరని అడిగితే జవాబు దొరకలేదు. 'సంతకం అందలేదు' అనవలసిన చోట 'సంతకం అనుమానం' అని పెద్ద శీర్షిక పెట్టింది.

అసలు ఈ తనిఖీ ఎందుకని మీరు అడగవచ్చు. నలుగురు వాడే కంప్యూటరులో వేరొకరు పై ఫోల్డరులో తమ డాట్ గిట్ ఉంచితే, అందులో రాసిపెట్టిన ప్రోగ్రాములు మన పేరుతో నడిచే ప్రమాదం ఉండేది. దాన్ని అరికట్టడానికి 2022 ఏప్రిల్‌లో 2.35.2 వెర్షనుతో ఈ కట్టుబాటు తెచ్చారు. కనుక కాపలా మంచిదే, మాట తీరే తప్పుదోవ పట్టించేది. మన ఫోల్డరు మనదేనని నిశ్చయమైతే, ఆ ఒక్క ఫోల్డరుకే మినహాయింపు ఇచ్చే ఆదేశం కూడా ఆ మెసేజిలోనే ఉంటుంది.

మర్నాడు అమ్మాయి ఫోల్డరును ల్యాబు కంప్యూటరు డిస్కులోకి కాపీ చేసుకుంది. కాపీ చేసినవారే యజమానిగా నమోదవుతారు కనుక హెచ్చరిక రాలేదు. పద్దులన్నీ భద్రంగా ఉన్నాయి, ప్రాజెక్టూ చూపించింది.

పిల్లలూ, మీ దరఖాస్తులు కూడా ఇలాగే తిరిగివస్తుంటాయి. 'పత్రం జతపరచలేదు' అని ఉన్న కాగితాన్ని 'అర్హత లేదు' అని చదువుకుని ఊరుకోవద్దు. తల్లిదండ్రులకూ నా మనవి ఇదే. ఆ కాగితాన్ని పక్కన పడేసేముందు పిల్లలతో కలిసి కింది వరుసదాకా చదవండి. అర్థం కాకపోతే మా దగ్గరకు తీసుకురండి, కలిసి చదువుదాం.