పసిమనస్సు బాధ – పెద్దల చూపు



బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లి నుదుటిపై చేయి వేసి తెలిసికొనును. కాలు విరిగినచో ఊరంతయు చూచును. మనస్సు నలిగినచో చేతికి తగులదు, కంటికి కనబడదు. పెద్దవారు తమ బాధను తామే చెప్పుకొని వైద్యుని కడకు పోగలరు. బిడ్డ పోజాలదు. తీసికొనిపోవువారికి అవసరము తోచినప్పుడే బిడ్డకు వైద్యము. కనుక పిల్లల మానసిక వైద్యమునకు మొదటి ద్వారము ఇంటిలోని పెద్దల చూపే.

ఆ చూపు ఎట్టిది? అల్లరి చేయు బాలుని, బడి ఎగగొట్టు బాలుని అందరును గుర్తింతురు, గుర్తించి దండింతురు. మూలన కూర్చుండి మాటాడని బాలికను బుద్ధిమంతురాలని మెచ్చుకొందురు. సాయము ఇరువురికిని అవసరమై యుండవచ్చును. ఒకరికి దెబ్బలు, ఒకరికి మెప్పు లభించును. వైద్యము మాత్రము ఇరువురికిని అందదు.

కారణము తెలియని కడుపునొప్పి మాటిమాటికి వచ్చుట, నిద్రలో ఉలికిపడుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట, ఇష్టమైన ఆటను విడిచిపెట్టుట – ఇవి వారముల తరబడి సాగినచో గాలి సోకినదనియో, సోమరితనమనియో త్రోసివేయరాదు. చచ్చిపోవలెనను మాట బిడ్డ నోట ఒక్కసారి వచ్చినను ఆనాడే సాయము కోరవలయును.

ఇది అరుదైన విషయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 10 మొదలు 19 ఏండ్ల వయస్సు వారిలో ప్రతి 7 మందిలో ఒకరికి ఏదో యొక మానసిక రుగ్మత కలదు. 2015–16లో భారతదేశమున 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వేలో 13–17 ఏండ్ల వారిలో నూటికి 7 మందికి పైగా ఇట్టి బాధ కనబడినది. ఆ 12 రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు లేవు.

తల్లిదండ్రులను నిందించుట న్యాయము కాదు. కూలికి పోవు తల్లికి పట్టణ ప్రయాణమనగా ఒక దినపు కూలియు, బస్సు ఖర్చును పోవుట. ‘పిచ్చి’ అను మాట ఇంటికి అంటునేమో, రేపు పిల్ల పెండ్లికి అడ్డమగునేమో అను భయము అంతకంటె పెద్దది. ఎఱ్ఱగడ్డ ఆసుపత్రి పేరు వెక్కిరింతకు వాడుట తెలుగునాట కలదు. నవ్వులకు వాడిన ఆ మాటయే అవసరము వచ్చిననాడు తలుపునకు గడియ యగును.

దారులు లేకపోలేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలకును, ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి ఎదుగుదల లోపములను కూడ పరీక్షించును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము వైద్యమును హక్కుగా గుర్తించినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో, రేయింబవళ్లు ఖర్చు లేకుండ తెలుగులో సలహా పొందవచ్చును.

ఆ సంఖ్యను ఈ గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలయును. రోజూ వచ్చు బిడ్డ పుస్తకము తెరవక కూర్చుండుట కనబడినచో, ఆ సంగతి తల్లి చెవిన మెల్లగా వేయవలయును. ఇంట పెద్దలు “ఏమి చేసితివి?” అని గద్దించుటకు ముందు “ఏమి కష్టము వచ్చినదమ్మా?” అని అడుగవలయును. రజతోత్సవ వేళ ఈ గ్రామము పూనదగిన పని ఇది.