మురుగునీటి సీసాలో పోలియో జాడ

గుమ్మఘట్ట దగ్గర భైరవానితిప్ప డ్యాముకు వేదవతి నది నీళ్లొస్తే, పైన కర్ణాటకలో వానలు పడ్డాయని మనకు తెలిసిపోతుంది. వైరస్ జాడ కూడా అలాగే, కిందికొచ్చే నీటిని చూసి తీస్తారు.

2016 మేలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక సీసాడు మురుగునీరు పట్టారు. అందులో టైప్ 2 పోలియో వైరస్ బయటపడింది. పోలియోది ఎంటెరోవైరస్‌ల జాతి. పేగుల్లో పెరిగి మలంతో బయటికొస్తుంది, అందుకే మురుగులో వెతకడం. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. మరి ఇదెక్కడిది?

పోలియో చుక్కల మందులోని బలహీన వైరస్సే ఇలా మారింది. వైరస్ తన జన్యువును నకలు తీసుకునేటప్పుడు, నిద్రమత్తు గుమాస్తాలాగా, తప్పులు రాస్తుంది. దాని పైపొరకు చెందిన దాదాపు 900 అక్షరాల ముక్కలో ఏడాదికి సుమారు తొమ్మిది మారతాయి. తప్పులు లెక్కపెడితే ఎన్నాళ్లుగా తిరుగుతోందో తెలుస్తుంది. రెండు ఊళ్ల సీసాల్లో అవే తప్పులుంటే, రెండూ ఒకే వంశం. టైప్ 2లో ఆరు, అంతకు మించి తేడాలుంటే ప్రమాద జాబితాలోకి ఎక్కిస్తారు.

ఆ జూన్‌లోనే తెలంగాణలో 3 లక్షలకు పైగా పిల్లలకు పోలియో సూదిమందు వేశారు. ఒక్క బిడ్డకూ జబ్బు రాకముందే! నాకైతే ఇదే అసలు గెలుపు.

ఈ గెలుపు నిలవాలంటే, పనులకు బెంగళూరు పోయే అమ్మలారా, అయ్యలారా, పిల్లల టీకా కార్డు మూటలో పెట్టుకోండి. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల పోలియో సూది ఎక్కడున్నా వేయించండి.